మగ్గం గుంటలోకి వైఫై

చూసింది! కర్నూలు మేడం మా నాయన చీరను చూసింది! ఫొటోలో కాదు, ముందే తీసి పంపిన వీడియోలో కాదు. చీర మగ్గం మీద ఉండగా, నాయన కాళ్లు గుంటలో ఆడుతుండగా, నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుండగా, కర్నూల్లో తన షాపులో కూర్చుని కళ్లారా చూసింది. బొమ్మ ఒక్కసారి ఆగలేదు. మాట ఒక్కసారి తెగలేదు. దానికి కారణం మా మగ్గం మీద వేలాడుతున్న రెండో రౌటర్. ఆ రౌటర్ పెట్టింది నేను. ఈ చివరి వాక్యాన్ని పొద్దున్నుంచి ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో నాకే తెలియదు.

ఇలా కాదు, మొదటినుంచి చెప్పాలి. సంతోషం ఎక్కువైతే నేను వెనకనుంచి ముందుకు నడుస్తాను. టెన్త్ ఫలితాలు వచ్చిన రోజు కూడా అంతే. "పాసయ్యా!" అని అరుచుకుంటూ ఇంట్లోకి దూరి ఎదురుగా ఉన్నావిడను వాటేసుకున్నాను. తీరా చూస్తే అది పక్కిల్లు.

మాది కడప జిల్లాలో చేనేత ఊరు. ఎర్రగుంట్లలో రైలు దిగితే ఇంకా బస్సెక్కాలి. ఇంట్లో నలుగురం. మగ్గం నేసే నాయన, ఆయనకు నూలు కండెలు చుట్టిచ్చే అమ్మ, నాయనను కన్న జేజి, నేను. మా వంశంలో కాలేజీ చదువు పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. కడపలో కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివాను. పట్టా తీసుకున్న రోజు నల్ల గౌను వేసుకుని దిగిన ఫొటో ఒకటి టీవీ పైన ఉంది. ఆ గౌనులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. జేజి ఆ ఫొటోను ఎండకు ఎత్తిపట్టి చూసింది.

"లాయరయినావా మే?"

"కాదు జేజీ, ఇంజనీరు."

"మరి నల్లకోటు ఎందుకేసినారు?"

"చదువు అయిపోయినోళ్లందరికీ ఏస్తారు."

"అయిపోయిందా? బాగానే సదివినావా, మద్దెలో ఆపించినారా?"

ఆ రోజునుంచి ఇంట్లో కరెంటుతో నడిచే ప్రతిదీ నా శాఖ. మిక్సీ తిరగకపోతే నేను, ఫ్యాను కిర్రుమంటే నేను, పక్కింటివాళ్ల టీవీలో బొమ్మ పచ్చగా కనిపించినా నేనే. "ఇంజనీరుండంగ బయటోళ్లెందుకు?" అనేది అమ్మ. అసలు సంగతేమిటంటే, కాలేజీలో నేను రౌటర్లను పటాల్లోనే చూశాను. పటంలో రౌటర్ అంటే ఒక గుండ్రం. దాని నుంచి నాలుగు గీతలు వెళతాయి. ఆ గుండ్రాన్ని మాత్రం చాలా అందంగా గీసేదాన్ని.

ఇప్పుడు చీర సంగతి. నాయన చిన్నప్పటినుంచీ షావుకారుకే నేస్తున్నాడు. నూలు షావుకారుది, డిజైను షావుకారుది. నేసిన చీర మూటలో పోతుంది, ఎక్కడో ఎవరో కట్టుకుంటారు. అది నేసింది మా నాయన అని కట్టుకున్నవాళ్లకు తెలియదు, ఎవరు కట్టుకున్నారో మా నాయనకు తెలియదు. ఈసారి మొదటిసారిగా తన నూలు పెట్టుకుని, ఒకే ఒక్క చీరకు సరిపడా పడుగు ఎక్కించాడు. ఎర్రమట్టి రంగు నూలు చీర. అంచు మీద పసుపు రంగులో వంగిన కొర్రకంకులు. ఆ అంచు ఏ పుస్తకంలోదీ కాదు, ఆయన బుర్రలోది. అడిగితే మాత్రం "ఊరికే, చూద్దామని" అనేవాడు. పైకి ఊరికే అన్నా, ఆ చీర నేసేటప్పుడు పక్కన రేడియో కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

నేను ఊరుకుంటానా? ఫొటోలు తీసి, కర్నూల్లో చేనేత చీరలు మాత్రమే అమ్మే షాపు నడిపే ఒకావిడకు పంపాను. మేడం వెంటనే ఫోన్ చేసింది.

"ఫొటోలు శానా మంది పంపిస్తారు పాపా. వీడియోలూ పంపిస్తారు. మగ్గం ఒకరిది, చీర పవర్‌లూముది. అట్ల ఒకసారి మోసపోయినా. మీ నాయన నేస్తాంటే నేను చూడాల. నేను ఆపమంటే ఆపాల, నేయమంటే నేయాల. నచ్చిందంటే ఆయన పేరు రాసి షాపులో పెడతా. ఆదివారం పొద్దున వీడియో కాల్ చేస్తావా?"

"చేస్తా మేడం!" అన్నాను. ఆవిడ ప్రశ్న పూర్తయిందో లేదో కూడా చూసుకోలేదు.

సోమవారం షావుకారు మనిషి వస్తాడు. మేడం తీసుకోకపోతే కొర్రకంకుల చీర కూడా ఆ మూటలోకే, పేరూ ఊరూ లేకుండా. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు కాబట్టి అనాల్సిన పని లేదు.

చిక్కు ఏమిటంటే, మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి తొక్కుతూ నేస్తారు. అది కదిలే వస్తువు కాదు. మగ్గం ఉన్న గది మా మిద్దెలో అన్నిటికంటే వెనకది, వీధి కంటే పల్లం. గోడలు రాతివి, మూరకు మించిన మందం. ఎండాకాలం ఊరంతా కాలిపోతున్నా ఆ గది చల్లగా ఉంటుంది. ఎండనే రానివ్వని గోడలు సిగ్నల్‌ను రానిస్తాయా? ఇంటర్నెట్ డబ్బా ముందు గదిలో టీవీ పైన ఉంది. అక్కడ నెట్ గుర్రంలా పరుగెడుతుంది. నడిమి గదిలోకి వచ్చేసరికి కుంటుతుంది. మగ్గం దగ్గర అసలు లేదు. ఫోన్ సిగ్నల్ కూడా అంతే.

"ఆయమ్మకు వాకిట్లో నిలబడి చీర చూపిస్తే కాదా?" అంది అమ్మ.

"నేసేది చూడాలంటాంది మా."

"అయితే మగ్గాన్ని పెరికి వాకిట్లోకి తెద్దామా?"

"వద్దు. సిగ్నల్‌నే మగ్గం దగ్గరికి తీసుకుపోతా. రెండో రౌటర్ పెడతా."

ఈ మాట అన్నప్పుడు నా గొంతు మారిందని తర్వాత అమ్మ చెప్పింది. ఎన్నికల్లో నిలబడినవాళ్లు మాట్లాడినట్టు ఉందట.

అమ్మ తమ్ముడు, మా మామ, ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. కనెక్షన్ మార్చుకున్నాక పాత రౌటర్ ఆయన ఇంట్లో ఊరికే పడి ఉంది. అడిగితే సిమెంటు సంచిలో చుట్టి బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపాడు.

"ఏం కోడలా, బంగారం అడుగుతావనుకుంటే బూజుపట్టిన డబ్బా అడిగితివి!"

"నాకు ఇదే బంగారం మామా."

"అట్లయితే దాని చార్జరు కూడా బంగారమే. సంచి అడుగునుండాది, పారేసేవు."

సంచి దులిపితే సిమెంటు దుమ్ములోంచి రౌటర్ బయటపడింది. రెండు కొమ్ములు, అందులో ఒకటి వంకర. మగ్గం గదిలోకి తీసుకుపోగానే జేజి అడ్డం వచ్చింది.

"కరెంటు సామాను ఆగ్నేయంలో పెట్టాల."

ఇంటికి ఇంజనీరును నేనే కదా, కాదనొచ్చు. కానీ జేజితో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు. ఆగ్నేయం మూలనే పెట్టాను. అది ముందు గది డబ్బాకు మా ఇంట్లోకెల్లా దూరమైన మూల. వైరు లేకుండా, మొదటి డబ్బా సిగ్నల్‌ను పట్టి ముందుకు పంపేలా సెట్టింగు మార్చాను. లైట్లన్నీ పచ్చగా వెలిగాయి. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండా వచ్చేశాయి.

"ఎన్ని గీతలుండాయి?" అని అడిగింది జేజి.

"నిండా ఉండాయి జేజీ!"

జేజి డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టింది. నేను మిద్దెక్కి ఫోన్లు మొదలుపెట్టాను. మేడంకు చేసి, "మగ్గం దగ్గర సిగ్నల్ దిట్టంగా ఉండాది మేడం" అన్నాను. మామకు చేశాను. హాస్టల్లో నా గదిలో ఉండిన స్నేహితురాలికి చేసి, ఏదైనా పెద్ద కంపెనీలో నెట్‌వర్కు పని ఖాళీ ఉంటే చెప్పమని కూడా అన్నాను. అప్పటికి నేను ఆ నెట్‌తో ఒక్క వీడియో కూడా తెరిచి చూడలేదు.

నాయన చొక్కా మార్చుకుని వచ్చి మగ్గం ఎక్కాడు. పరీక్షగా మామకు వీడియో కాల్ చేశాను. తెర మీద చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. నాయన నాలుగు వేళ్ల బట్ట నేసేశాడు, చక్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడు వెలిగింది. ఆ గీతలన్నీ నా రౌటర్‌వే. రౌటర్‌కూ నా ఫోన్‌కూ మధ్య సంబంధం బ్రహ్మాండంగా ఉంది. రౌటర్‌కే ఏమీ అందడం లేదు. ముందు గది మాట విని చెప్పాల్సిన దాన్ని, ముందు గది మాట వినపడని మూలలో కూర్చోబెట్టాను. ఊరంతా మైకులు కట్టి, మాట్లాడే మనిషిని పిలవడం మర్చిపోయినట్టుంది నా ఇంజనీరింగ్.

"సరేలేమ్మా" అన్నాడు నాయన. ఆయన తిట్టడు. తిడితే బాగుండేది, నేనూ రెండు మాటలు అని తేలికపడేదాన్ని.

మర్నాడు శుక్రవారం. రౌటర్‌ను నడిమి గది గూట్లోకి మార్చాను. జేజి ఆకు వక్కల డబ్బా ఉండే చోటు అది. ఆ డబ్బాను జరిపినందుకు జేజి పొద్దంతా నాతో మాట్లాడలేదు, నా గురించి మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఈసారి నెట్ నిజంగానే వచ్చింది. గూట్లో వచ్చింది, గుమ్మంలో వచ్చింది. గుమ్మం దాటి మగ్గం దగ్గరికి పోయేసరికి రాతిగోడ సగం తినేసింది. మళ్లీ మామకు చేశాను. కాల్ కలిసింది. నాయన నేస్తూ, మామను చూసి నవ్వుతూ నోరు తెరిచాడు. అంతే, బొమ్మ అక్కడే ఆగిపోయింది.

"కోడలా! బావకేమయింది? నోరు తెరుచుకోని కదలకుండా ఉండాడే!"

"ఏమీ కాలేదు మామా, నెట్ ఆగింది."

"కండ్లు కూడా ఆర్పడంల్యా! అక్కా! ఓ అక్కా! నీళ్లు చల్లు!"

"నేను బాగానే ఉండా బామ్మర్దీ" అన్నాడు నాయన. ఆ మాట మామకు చేరేసరికి మామ లారీ పక్కన ఆపి నలుగురిని పోగేశాడని తర్వాత తెలిసింది.

ఫోన్ పెట్టేశాక నాయన చీర వైపు చూపించాడు. "ఇంక పరీక్షలకు నేయనమ్మా. కొంగు జానెడుండాది. అదీ నేసేస్తే ఆయమ్మకు చూపించేదానికి ఏముంటాది?"

నిజమే. నేను పరీక్ష చేసిన ప్రతిసారీ చీర కొంచెం అయిపోతోంది. చీర పూర్తయి మగ్గం దిగితే, అది మగ్గం మీద పుట్టిందని ఇంక ఎవరు నమ్ముతారు? మిగిలిన ఆ జానెడు బట్టలోనే మేడం చూడాల్సిందంతా ఉంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మ ముద్ద కలుపుతూ, ఏదో పప్పులో ఉప్పు గురించి చెబుతున్నట్టు అడిగింది.

"ఆదివారం అమావాస్య గదా. ఎట్ల నేస్తాడు?"

నా చేతిలో ముద్ద అక్కడే ఆగింది. అమావాస్య రోజు మా ఊళ్లో ఏ మగ్గమూ ఆడదు. బడికి ఆదివారం సెలవయితే మా ఇంటికి అమావాస్య సెలవు. చిన్నప్పుడు నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని సంతకు తీసుకుపోయింది అమావాస్యలప్పుడే. జొన్నరొట్టె అడిగినంత మామూలుగా "అమావాస్య ఎప్పుడు?" అని అడుగుతూ పెరిగాను. అలాంటిదాన్ని, ఫోన్లో ఆదివారం ఖాళీగా కనిపించింది కదా అని మాట ఇచ్చేశాను. ఆ ఫోన్లో ప్రపంచంలోని సెలవులన్నీ ఉన్నాయి. మా ఇంటి సెలవు ఒక్కటే లేదు.

"ఒక్కరోజు గదా నాయనా..." అని మొదలుపెట్టాను.

జేజి నా వైపు చూసింది.

వాకిట్లోకి పోయి మేడంకు ఫోన్ చేశాను. "మేడం, ఒక తప్పు జరిగింది. ఆదివారం అమావాస్య. మా నాయన మగ్గం ముట్టడు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల నవ్వు వినిపించింది.

"అమావాస్యా? అయితే మీరు నిజం నేతోళ్లేలే! పవర్‌లూమోడికి అమావాస్యేంది, పున్నమేంది? నాకు సగం నమ్మకం ఇప్పుడే వచ్చింది పాపా."

"మరి ఇంకోరోజు..."

"ఆదివారం మధ్యాహ్నం నేను హైదరాబాదు పోతాండా. సరుకంతా ఆడనే ఖరారు చేసుకుంటా. చూపిస్తే రేపు పొద్దున్నే చూపించు. మగ్గం కాడ సిగ్నల్ దిట్టంగా ఉండాదని నువ్వే చెప్పినావు గదా?"

"దిట్టంగా ఉండాది మేడం" అన్నాను. ఇంకేం అంటాను?

ఇంక వైరు వేయడమే దారి. గాలిలో వచ్చే సిగ్నల్‌ను గోడ ఆపుతుంది, వైరులో వచ్చేదాన్ని ఆపలేదు. ముందు గది డబ్బానుంచి వైరు తెచ్చి, మగ్గం గదిలో రెండో డబ్బాకు గుచ్చితే సరి. ఈ మాత్రం ఆలోచనకు రెండు రోజులు పట్టింది నాకు. కేబులాయన దగ్గర పొడుగాటి వైరు కోయించుకుని, రెండు కొసలకూ ప్లగ్గులు పెట్టించుకుని, తాడు చుట్టలా భుజానికి తగిలించుకుని వచ్చాను. జేజి గడపకు అడ్డంగా కూర్చుంది.

"పసుపు రాసిన గడప మీద వైరేస్తావా? తొక్కుకుంటా తిరగాల్నా?"

"అయితే గోడకు బెజ్జం కొడతాం" అన్నాను.

ఇప్పటిదాకా నేనేం చేసినా సరేలెమ్మన్న నాయన ఈసారి తల అడ్డంగా ఊపాడు. "ఆ రాతిగోడకు డ్రిల్లు పెడితే దుమ్మంతా పడుగు మీద పడతాది. జానెడు కొంగు మిగిలిందమ్మా."

ఇద్దరి మాటా న్యాయమే. నా డిగ్రీ దగ్గర మూడో మాట లేదు. మగ్గం పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నాను. కాలేజీలోనూ ఏమీ తోచకపోతే ఇదే నా పద్ధతి. కళ్లు తెరిచి చూస్తే నడినెత్తి మీద గవాచ్చి ఉంది. మిద్దెకు వెలుతురు కోసం వదిలిన చదరపు కన్నం. దాని కిందే కదా నేను పుట్టి పెరిగింది! వెలుతురు వచ్చే దారిలో వైరు రాదా?

లేచి పరుగెత్తాను. వైరును ముందు గది కిటికీలోంచి బయటికి తీసి, గోడ వెంట మిద్దె పైకి ఎక్కించి, గవాచ్చి దాకా లాగాను. కొసకు బరువు కావాలి. అమ్మ ఒక పాత నాడె ఇచ్చింది, దాన్ని కట్టాను. కింద అమ్మ పడుగు మీద దుప్పటి పరిచి, చేతులు చాచి నిలబడింది. నేను పైనుంచి దించాను.

"తగిలిందా మా?"

"ఇంకా దించు. ఇంకా. నిదానంగా మే! ఆగు, ఆగు!"

"నేలకు తగిలిందా?"

"నా నెత్తికి తగిలింది!"

రౌటర్‌ను మగ్గం పైకొయ్యకు వేలాడదీశాను. బల్బు పక్కన ప్లగ్గు ఉంది. వైరు గుచ్చాను. లైట్లు వెలిగాయి. నేను ఇంకా చేతులు దులుపుకోకముందే ముందు గదిలోంచి జేజి కేక వినిపించింది.

"సీరియల్ యాడబోయిందే? ఆ పిల్ల ఇప్పుడే నిజం చెప్పబోతాండె!"

మా టీవీ నడిచేది ఆ నెట్ మీదే. మగ్గం దగ్గర నెట్ రాకపోగా, ముందు గదిలో ఉన్న నెట్ కూడా పోయింది. ఉన్నది కూడా పోగొట్టడానికి మాత్రం నాకు రెండు నిమిషాలు చాలింది.

వీధి అరుగు మీద కూర్చుని, ఫోన్లో వెతికి, నాలుగేళ్ల చదువును ఒక్క సాయంత్రంలో మళ్లీ చదివాను. తప్పు దొరికింది. రెండు డబ్బాలకూ ఒకటే చిరునామా పెట్టి ఉంది. పైగా ఇంట్లో ఏ ఫోన్ వచ్చినా, ఏ టీవీ వచ్చినా దానికి ఒక చోటు చూపించే పెత్తనం ముందు గది డబ్బాది. నేను తెచ్చిన రెండోది కూడా అదే పెత్తనం చేస్తోంది. ఒకే ఇంట్లో ఇద్దరు అత్తలు నిలబడి, ఒకరు ఈడ కూర్చోమంటే ఇంకొకరు ఆడ కూర్చోమంటున్నారు. పాపం టీవీ ఎవరి మాట వింటుంది? రెండోదాని చిరునామా మార్చాను. దాని పెత్తనం తీసేశాను. పెద్ద డబ్బా చెప్పింది చేరవేయడమే ఇక దాని పని. వైరును కూడా ఆ డబ్బా వెనక ఇంటర్నెట్ కన్నంలోంచి తీసి పక్క కన్నంలో గుచ్చాను.

దీపాలు పెట్టే వేళకు సీరియల్ వచ్చింది. "నిజం చెప్పిందా జేజీ?" అని అడిగితే, "నీ పుణ్యాన ఆ మాటే ఇనపడకపాయె" అంది. మగ్గం దగ్గర ఫోన్ పట్టుకున్నాను. ఈసారి గీతలు చూడలేదు, గీతలతో నాకు పని లేదు. మామకు కాల్ చేశాను. నాయన నేయడు కాబట్టి అమ్మను ఫోన్ ముందు కూర్చోబెట్టాను.

"అక్కా! కదులు ఒకసారి."

"ఎందుకురా?"

"ఏమీల్యా. కదుల్తాండావా, ఆగిపోయినావా అని."

ఈ పొద్దున మేడంకు కాల్ చేశాను. మగ్గం గదిలో నలుగురం చేరాం. నాయన కాలు తొక్కాడు, నాడె కదిలింది.

"ఆపన్నా" అంది మేడం. నాయన ఆపాడు. "నేయన్నా." నేశాడు. "పాపా, అంచు దగ్గరికి పట్టుకో. అడుగు భాగం చూపించు. అద్దీ! కంకులు ఎంత బాగుండాయి! డిజైను ఎవరిచ్చినారన్నా?"

నాయన కాళ్లు ఆగిపోయాయి. మాట లేదు. మగ్గం చప్పుడు లేదు. మళ్లీ నెట్ పోయిందనుకుని రౌటర్ వైపు చూశాను, లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఫోన్‌ను అటూ ఇటూ ఊపాను.

"మేడం, వినపడతాందా? మేడం?"

"నాకు బాగా వినపడతాంది పాపా. ఫోన్ ఊపొద్దు, నాకు కండ్లు తిరుగుతాండాయి. మీ నాయనే మాట్లాడలా."

నాయన గొంతు సవరించుకున్నాడు. "నాదేమ్మా. నేనే అనుకోని పెట్టుకున్నా."

"మీదేనా?" మేడం ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. "అయితే ఈ చీర నాదేనన్నా, ఇంకెవరికీ చూపించొద్దు. దీని మీద మీ పేరు రాసి పెడతా. ఎట్ల రాయాల్నో చెప్పు."

నాయన వీపు నిటారుగా చేసి, ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. బడిలో హాజరు పిలిచినప్పుడు పిల్లలు చెప్పినట్టు, గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి. గవాచ్చిలోంచి పక్క మిద్దె వాళ్లకు కూడా వినపడి ఉంటుంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకోటి కూడా ఇట్లాంటిదే నీ మనసుకు వచ్చింది పెట్టన్నా, రంగు నువ్వే చెప్పు" అని మేడం అడగడం, దానికి నాయన "ఆలోచన చేసి చెప్తాలేమ్మా" అని బెట్టు చేయడం కూడా నా రౌటర్ మీదుగానే జరిగాయి. నాయన బెట్టు చేయడం నేను చూడటం ఇదే మొదలు.

కాల్ అయ్యాక ఆయన మిగిలిన నాలుగు వేళ్ల కొంగు నేయడం మొదలుపెట్టాడు. రేడియో పెట్టమన్నాడు.

నేను మిద్దె మీదున్నాను. ఇంక ఫోన్ చేయాల్సింది:

మామకు. రెండుసార్లు చేశాను, లారీలో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. రౌటర్ తిరిగి అడిగితే మాత్రం మాట సరిగ్గా వినపడడం లేదనాలి.

హాస్టల్ స్నేహితురాలికి. మొన్న చెప్పింది అబద్ధమని, ఇవాళ చెప్పేది నిజమని. కంపెనీ పని సంగతి తను ఎత్తకపోతే నేనూ ఎత్తకూడదు.

కాలేజీలో నెట్‌వర్కుల పాఠం చెప్పిన సార్‌కు. నేనెవరో గుర్తుపట్టడు. గుండ్రాలు బాగా గీసే అమ్మాయి అంటే తెలియొచ్చు.

ఆదోనిలో మేనత్తకు. ఆమెకు చెబితే ఆదోనిలో ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. మాట్లాడడం మొదలుపెడితే ఆపదు కాబట్టి, అన్నం తిన్నాకే చేయాలి.

షావుకారుకు. సోమవారం మూటలో ఒక చీర తక్కువ ఉంటుందని. ఇది అమ్మ చేస్తానంది, నాలుగు రోజులుగా ఏం మాట్లాడాలో అనుకుంటూ ఉందట.

తుమ్మలపల్లె గనిలో పనిచేసే చిన్నాయనకు. నాయన తమ్ముడు, ఒకప్పుడు ఇదే గదిలో నాయన పక్కన నేసినవాడు. పొద్దున షిఫ్టయితే సాయంత్రం దాకా ఎత్తడు. ఆయనకు మాత్రం నేను చెప్పకూడదు. ఫోన్ కలిపి నాయన చేతికివ్వాలి.